మీడియమక్క నడుము

ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. గౌన్లు కుట్టే ఆ ఫ్యాక్టరీలో గేటు కాపలాదారు మొదలుకుని పై అంతస్తులో కూర్చునే పెద్దల దాకా అందరికీ ఆమె మీడియమక్క. ఎగతాళికి పెట్టిన పేరే. పదిహేడేళ్ళు గడిచేసరికి ఎగతాళి అరిగిపోయి పేరొక్కటే మిగిలింది. ఎవరైనా ఇంటికి ఫోను చేసి "మీడియమక్క ఉన్నారా" అని అడిగితే, స్కూలు బస్సు నడిపే ఆమె భర్త కూడా "ఉంది, బట్టలారేస్తోంది, పిలుస్తానుండండి" అని తొణక్కుండా జవాబిస్తాడు.

దుకాణంలో గౌను కొన్నప్పుడు మెడ వెనక చిన్న గుడ్డముక్క మీద స్మాల్, మీడియం, లార్జ్ అని ఉంటుంది కదా. అసలు మీడియం అంటే ఎంత, ఎవరిని చూసి పెట్టారు అని మనం అడగం. పట్టకపోతే మనల్ని మనం తిట్టుకుని ఇంకోటి తెమ్మంటాం. ఆ ఫ్యాక్టరీ వరకు మీడియం అంటే ఈవిడే. కొత్తరకం గౌను ఏది మొదలుపెట్టినా ముందు సగం కుట్టి ఈవిడకు తొడుగుతారు. ఈవిడ ఎత్తుపీట మీద నిలబడుతుంది. చేతులెత్తమంటే ఎత్తుతుంది, వంగమంటే వంగుతుంది. కత్తిరింపుకు పెద్దయిన మాస్టరమ్మ పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని, చుట్టూ తిరుగుతూ సుద్దతో గీతలు గీస్తుంది. ఆ గీతల ప్రకారం అట్టలు కత్తిరిస్తారు, ఆ అట్టల ప్రకారం వేలకొద్దీ గౌన్లు తయారవుతాయి. అంటే ఈవిడ ఒక్క అంగుళం ఒళ్ళు చేసిందంటే వేల గౌన్లు వదులైపోతాయన్నమాట. ఇరవై ఎనిమిది అంగుళాలదే అయినా, అంత పెత్తనం చేసిన నడుము నాకు తెలిసి ఇంకొకటి లేదు.

మొదట్లో ఆమె బొత్తాలు కుట్టే బల్ల దగ్గర పనిచేసేది. అప్పటికి కూతురికి మూడేళ్ళు. ఒకరోజు మాస్టరమ్మ బల్లల మధ్య నడుస్తూ ఆమె దగ్గర ఆగి, లేచి నిలబడమంది. మెడలో వేలాడే టేపు తీసి ఛాతీ, నడుము, పిరుదులు కొలిచింది. ముప్పై ఆరు, ఇరవై ఎనిమిది, ముప్పై ఎనిమిది. గోడ మీది కంపెనీ కొలతల కార్డులో మీడియం కింద ఉన్నవీ అచ్చంగా అవే అంకెలు. దొరికావే తల్లీ అంటూ మాస్టరమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని కత్తిరింపు గదిలోకి లాక్కుపోయింది. ఆరోజు నుంచి ప్రతి సోమవారం పొద్దున్నే కొలత. సరిపోతే మాస్టరమ్మ పుస్తకంలో టిక్కు పెడుతుంది. సరిపోకపోతే ఏమవుతుందో పదిహేడేళ్ళలో ఇద్దరికీ తెలియలేదు, ఎందుకంటే ఒక్కసారి కూడా తప్పలేదు.

ఊరికే తప్పకుండా ఉంటుందా? ఆవిడ మధ్యాహ్నం డబ్బాలో ఒక ఉడికించిన గుడ్డు, నాలుగు దోసకాయ ముక్కలు. బంధువులింటికి భోజనానికి వెళ్తే కంచంలో వడ్డించింది వేళ్ళతో అటూ ఇటూ కదిపి, మాటల్లో పెట్టి, లేచి చెయ్యి కడుక్కునేది. కూతురి పుట్టినరోజు కేకు చిటికెన వేలితో అద్ది నాలుక చివర పెట్టుకునేది. ఆదివారం సాయంత్రం మంచినీళ్ళు కూడా ఆచితూచి తాగేది. ఒకసారి విషజ్వరం వచ్చి పదిరోజులు మంచాన పడితే, పైకి అనలేదు గాని లోపల కాస్త సంతోషించింది.

ఇంత చేసినా ఆమెకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు. తోటివాళ్ళు మిషన్ల ముందు వంగి వంగి నడుములు విరగ్గొట్టుకుంటుంటే తనకు కిటికీ ఉన్న గదిలో పని దొరికింది. మాస్టరమ్మ లాంటి మనిషి నీడ దొరికింది. గేటు తీసినందుకు కాపలాదారుకు థాంక్సు, పీట తుడిచినందుకు ఊడ్చే మనిషికి థాంక్సు, సూది గుచ్చుకోనందుకు మాస్టరమ్మకు థాంక్సు. థాంక్సులు పంచడంలో మాత్రం ఆవిడకు కొలతల్లేవు.

కూతురు కాలేజీకి వచ్చాక ఇంట్లో మాటలు మారాయి. ఆ పిల్ల ఆడవాళ్ళు రాసిన పుస్తకాలు తెచ్చుకుని బోర్లా పడుకుని చదివేది. టైర్ల దుకాణం మీద ఒక గదిలో అచ్చంగా అలాంటి పుస్తకాలతోనే నడిచే లైబ్రరీ ఒకటుంది. టైపిస్టుగా రిటైరైన ఒకావిడ దాన్ని చూసుకునేది, అందరూ లైబ్రరీ పిన్ని అంటారు. ఆదివారం పొద్దున పది పదిహేనుమంది ఆడవాళ్ళు అక్కడ చేరి, ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు వినేవారు. తర్వాత గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకునేవారు. కూతురు ఒక ఆదివారం తల్లిని కూడా బలవంతాన తీసుకెళ్ళింది.

ఆరోజు లైబ్రరీ పిన్ని చదివిన వ్యాసం సరిగ్గా బట్టల దుకాణాల గురించే. మార్కెట్టు ఒక ఆడదాన్ని కల్పించిందట. ఆమెకు ఆకలి లేదు, కాన్పు లేదు, ఏళ్ళు పైబడటం లేదు. దుకాణం అద్దం ముందు మనం కుంగిపోయేది ఆ లేని మనిషితో పోల్చుకునేనట. అందరూ తలలూపారు. ఒకావిడ అయితే పోయిన నెల దుకాణంలో మీడియం గౌను పట్టక, బట్టలు మార్చుకునే గదిలోనే కూర్చుని ఏడ్చానని చెప్పింది.

మీడియమక్క బడిలోలా చెయ్యెత్తింది. "అలాంటి మనిషి లేదని రాశారు గాని, ఉందండి. నేనే."

గది ఘొల్లుమంది. ఆమె నవ్వలేదు. తన పనేమిటో, పీటేమిటో, సోమవారాలేమిటో పూసగుచ్చినట్టు చెప్పేసరికి నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. దుకాణంలో ఏడ్చినావిడ ఆమెను దొంగను పట్టుకున్నట్టే చూసింది. లైబ్రరీ పిన్ని కళ్ళద్దాలు తీసి, పక్కకు వచ్చి కూర్చుంది.

"నీకు ఆకలేస్తుందా అమ్మా?"

లేదనే చెప్పబోయింది. పదిహేడేళ్ళలో ఆమెను ఎంత అని అడిగినవాళ్ళే గాని, ఈ మాట అడిగినవాళ్ళు లేరు. ఆదివారాలు ఎక్కువ వేస్తుందండి అని చెప్పి, రుమాలు దొరక్క ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. దుకాణంలో ఏడ్చినావిడే లేచి రుమాలు ఇచ్చింది. వాళ్ళు మెట్లు దిగుతుంటే పిన్ని ఆ వ్యాసం అంచున పెన్సిలుతో ఏదో రాసుకుంది. కూతురు తర్వాత వెళ్ళి చూసొచ్చింది. "ఆ మనిషి ఉంది. ఈరోజు వచ్చి వెళ్ళింది" అని రాసి ఉందట.

ఇది జరిగిన మూడో వారంలో ఫ్యాక్టరీకి కొత్త మేనేజరు వచ్చాడు. ఎవరెన్ని నిమిషాలు టీ తాగారో కూడా పాయింటు పెట్టి రాస్తాడని మిషన్ల దగ్గరివాళ్ళు అతనికి రెండో రోజుకే దశాంశం అని పేరు పెట్టేశారు. అతను వస్తూ వస్తూ సాగని రకం కొత్త టేపులు ఒక డబ్బా నిండా తెచ్చాడు. సోమవారం పొద్దున కత్తిరింపు గదికి వచ్చి, కొలత తన ఎదుట తీయమన్నాడు. మాస్టరమ్మ ధీమాగా కొత్త టేపు చుట్టింది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

నడుము ఇరవై తొమ్మిదిన్నర. ఛాతీ, పిరుదులు రెండేసి అంగుళాలు ఎక్కువ.

దశాంశం కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేది. కార్డు మీది అంకెలకే కంపెనీ కట్టుబడి ఉండాలని, ఆరు వారాల్లో పాత కొలతకు రాగలిగితే సరేనని, లేకపోతే కొత్త అమ్మాయిని వెతకాలని నెమ్మదిగా చెప్పి పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ పని పోతే మీడియమక్క మళ్ళీ బొత్తాల బల్లకు వెళ్ళే వీల్లేదు, సూదిలో దారం ఎక్కించే చూపు ఎప్పుడో పోయింది. నలభై ఒకటో ఏట ఇంకో చోట ఏం చెప్పుకుంటుంది? నాకు నిలబడటం వచ్చండీ అని చెప్పుకుంటుందా?

అంతకంటే ఎక్కువ బాధించింది సిగ్గు. ఎప్పుడు పెరిగింది ఈ ఒళ్ళు? ఏ కేకుముక్క దగ్గర, ఏ పెళ్ళి భోజనం దగ్గర మోసం చేసింది? ఇంటికి వచ్చి చెబితే భర్త మానేయమన్నాడు. కూతురు పేపరుకు రాస్తానని గంతులేసింది. ఆమె ఇద్దరి మాటా చెవిన వేసుకోలేదు. మర్నాటి నుంచి డబ్బాలో గుడ్డు కూడా మానేసింది. మంగళవారం దోసకాయ, బుధవారం దోసకాయ. గురువారం ఎత్తుపీట మీద చేతులు పైకెత్తి నిలబడ్డప్పుడు కిటికీ నల్లబడింది. తర్వాత ఆమెకు తెలిసింది తను నేల మీద ఉన్నానని, మాస్టరమ్మ తన తల ఒళ్ళో పెట్టుకుని పంచదార నీళ్ళు పోస్తోందని.

మాస్టరమ్మ తిట్లకు పెట్టింది పేరు. ఆరోజు మాత్రం తిట్టలేదు. "నువ్వు పెరిగితే నా చేతికి తెలియదుటే? వారం వారం ఈ చేతులతోనేగా పట్టుకుంటున్నాను" అని గొణుక్కుంటూ లేచి, మెడలోంచి పాత టేపు తీసింది. కత్తిరింపు బల్ల మీద దాన్ని పరిచి, పక్కనే కొత్తది పరిచింది. మొదలూ మొదలూ కలిపింది. అంగుళం దగ్గర రెండూ ఒకటిగానే ఉన్నాయి. అయిదు దగ్గర పావు అంగుళం తేడా. పది దగ్గర అర అంగుళం. పాత టేపు మీద ఇరవై ఎనిమిది అని ఉన్న చోట కొత్త టేపు ఇరవై తొమ్మిదిన్నర చూపించింది.

మాస్టరమ్మ అక్కడే స్టూలు మీద కూలబడింది. ఆ టేపు నూలు టేపు. పదకొండేళ్ళ కిందట కొన్నది. మాస్టరమ్మకు నలిగిన వస్తువు కంటపడితే నిద్రపట్టదు. ప్రతి శనివారం పని ముగించాక అట్టలన్నీ సర్ది, మెలికలు పడిన టేపును బల్ల మీద బిగలాగి పట్టుకుని ఆవిరి ఇస్త్రీ పెట్టడం ఆవిడ అలవాటు. పదకొండేళ్ళ శనివారాలు. శనివారానికి ఇసుమంత చొప్పున అది సాగుతూ వచ్చింది. అట్టలూ ఆ టేపుతోనే, కార్డుతో సరిచూడటమూ ఆ టేపుతోనే, ఈవిడ నడుమూ ఆ టేపుతోనే. అన్నీ కలిసి ఒక్కలాగే పెరిగాయి గనక ఎవరికీ అనుమానం రాలేదు. నలభై ఏళ్ళ సర్వీసులో తను చేసిన ఒకే ఒక్క తప్పు ఇస్త్రీ చేయడమని మాస్టరమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

మీడియమక్క మాత్రం నేల మీదే కూర్చుని తన పొట్ట మీద రెండు చేతులూ వేసుకుంది. పదకొండేళ్ళుగా తను కడుపు మాడ్చుకుంటూనే ఉంది. ఆ ఒళ్ళు మాత్రం పెట్టిన నాలుగు ముక్కల్లోంచే కాస్త కాస్త దాచుకుని, అడక్కుండా, చెప్పకుండా, తనకు కావలసినంత పెరిగింది. ముప్పై ఏళ్ళ ఆడది నలభై ఏళ్ళ ఆడది అయింది. తను నడిపిన ప్రతిచోటికీ నడిచింది, కూతుర్ని ఎత్తుకుంది, ఆ జ్వరంలోంచి లేచి వచ్చింది. ఇంత ద్రోహం చేసిన యజమానిని ఇంత కాలం మోసింది. ఊళ్ళో అందరికీ థాంక్సులు పంచిన మనిషికి ఇంట్లోవాళ్ళు గుర్తురానట్టు, దీనికి ఒక్కసారైనా చెప్పలేదు కదా అనుకుంటే ఆమెకు దుఃఖం ఆగలేదు. అది చాలా మంచి దుఃఖం. మాస్టరమ్మ దాన్ని ఆపే ప్రయత్నం చేయలేదు.

ఇద్దరూ కలిసి రెండు టేపులూ పట్టుకుని దశాంశం గదికి వెళ్ళారు. అతను విన్నాడు, తనూ కొలిచి చూసుకున్నాడు. తప్పు టేపుదే కావచ్చు, కార్డు మాత్రం కార్డే కదా అన్నాడు. కొత్త టేపుతో ఇరవై ఎనిమిదికి కుడితేనే అది మీడియం. మాట్లాడింది మీడియమక్క. ఆమె అరిచింది లేదు, ఏడ్చింది లేదు. ఒకే గౌను రెండు కొలతల్లో కుట్టించమని, ఒకటి కార్డు ప్రకారం, ఇంకొకటి తన ఒంటి ప్రకారం చేయించి కింద మిషన్ల దగ్గరున్న ఆడవాళ్ళకు తొడగమని అడిగింది. "మీడియం కొనుక్కునేవాళ్ళు వాళ్ళేగా సార్. వాళ్ళనే అడుగుదాం. ఓడిపోతే నేనే వెళ్ళిపోతాను."

దశాంశాన్ని నేను ఆడిపోసుకున్నాను గాని, అతనిలో ఒక మంచి గుణం ఉంది. మనుషుల మాట వినకపోయినా లెక్క మాట వింటాడు. సరే అన్నాడు.

మరుసటి బుధవారం భోజనాల వేళ మిషన్ల హాలు సంతలా తయారైంది. దుకాణంలో మీడియం కొనుక్కునేవాళ్ళు చేతులెత్తితే నలభై ఒక్కమంది తేలారు. ఒక మూల పరదా కట్టారు. ఒక్కొక్కరూ రెండు గౌన్లూ తొడుక్కోవాలి. బొత్తాలు పడాలి, మిషను ముందు కూర్చోవాలి, పైనున్న దారపుండను అందుకోవాలి. కార్డు ప్రకారం కుట్టిన గౌనులో నిలబడటం కొందరికి వచ్చింది. కూర్చోవడం దగ్గర చాలామంది ఆగిపోయారు. అందరికంటే చివర వచ్చిన బొత్తాల బల్ల పెద్దావిడ ఒక చెయ్యి దూర్చి రెండో చెయ్యి దూర్చలేక, పరదా వెనకనుంచి ఎవరైనా వచ్చి నన్ను విడిపించండర్రా అని మొరపెట్టుకుంది. చివరికి కుట్లు కోసి బయటకు తీశారు. కోసిన గౌను పట్టుకుని, పాపం నా వల్ల ఖూనీ అయింది అని ఆవిడే అందరికంటే గట్టిగా నవ్వింది. దశాంశం ఒక మూల నిలబడి, ఇటు చూడకుండా, చెప్పింది చెప్పినట్టు గీతలు గీసుకున్నాడు.

కార్డు గౌనులో తొమ్మిదిమంది పనిచేయగలిగారు. మీడియమక్క గౌనులో ముప్పై ముగ్గురు.

ఆ ముప్పై ముగ్గురిలో ఒక్కొక్కరూ పరదా వెనకనుంచి వచ్చి, కూర్చుని, చెయ్యెత్తి దారపుండను అందుకుంటుంటే మీడియమక్క గోడకు ఆనుకుని చూస్తూ ఉంది. అంతమంది ఒకేసారి తన నడుములో నిలబడటం ఆమె ఎన్నడూ చూడలేదు. దుకాణాలకు వెళ్ళిన వేల గౌన్లలోనూ ఇలాగే ఎవరో ఒకరు సుఖంగా ఊపిరి తీసి ఉంటారని మొదటిసారి తోచింది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పాలనుకుంది. థాంక్సు తప్ప ఇంకేమీ నోటికి రాలేదు. ఎందుకక్కా అని వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

దశాంశం ఆ లెక్కంతా శాతాల్లోకి మార్చి పైకి పంపాడు. అయిదు రోజులకు కొత్త కార్డు అచ్చయి వచ్చింది. మీడియం నడుము ఇరవై తొమ్మిదిన్నర. తొడిగి చూసే మనిషికి అటూ ఇటూ అర అంగుళం తేడా ఉండవచ్చు. కార్డు గోడకు కొడుతూ, ఇన్నాళ్ళూ తప్పు టేపుతో కుట్టినవే బాగా కుదిరాయన్నమాట అని అతను ఒప్పుకోలేక ఒప్పుకున్నాడు. కొత్త అమ్మాయిని వెతికే కాగితం చింపేశానని కూడా చెప్పాడు.

ఆ శనివారం మాస్టరమ్మ ఇస్త్రీపెట్టె జోలికి పోలేదు. ఆదివారం మీడియమక్క ఇంట్లో ముగ్గురూ ఒకే వేళకు కంచాల ముందు కూర్చున్నారు. భర్త రెండోసారి వడ్డించబోయి, అలవాటు కొద్దీ ఆమె చెయ్యి అడ్డం వస్తుందని ఆగాడు. చెయ్యి రాలేదు. కూతురు ఏదో అనబోయి, తండ్రి కళ్ళతో వారిస్తే ఊరుకుని, తల వంచుకుని తిన్నది.

సోమవారం పొద్దున మాస్టరమ్మ కొత్త టేపు చుట్టింది. చదివింది. కళ్ళద్దాల మీదుగా చూసింది. ఆవిడ చేతిలో పెన్ను పుస్తకం మీద ఆగింది.

"పావు అంగుళం పెరిగావే."

మీడియమక్క పొట్ట లోపలికి లాక్కోలేదు. ఊపిరి బిగబట్టనూ లేదు. పీట మీద మామూలుగా నిలబడి ఉంది.

"పెరిగాను మాస్టరమ్మా. అది కూడా నాదే. రాసుకోండి."

మాస్టరమ్మ రాసుకుంది.